బంగారం పట్టని మిషను

మా అత్తకు చదువు రాదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

ముప్పై ఏళ్లకు పైగా కోడుమూరు చుట్టుపక్కల బడుల్లో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పిల్లలు నాకు భయపడేవారు. ఎవరైనా తప్పు చెబితే నేను సహించను. నేను తప్పు చెప్పానని ఎవరైనా అంటే అసలే సహించను. రిటైరయ్యాక ఆ గుణాన్ని ప్రయోగించడానికి ఇంట్లో నా భార్య ఒక్కతే మిగిలింది. ఆమె నాకు ఎన్నడూ భయపడింది లేదు. అందుకని పొద్దు పోక ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాను.

అలా ఒకరోజు కంటబడిందా మిషను. ఎక్కడో చల్లని దేశంలో ఒక గడ్డం మనిషి ఏటి నీళ్లలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. పక్కన నీళ్ల మీద తేలుతూ ఒక ఇంజను. లావుపాటి గొట్టంతో ఏటి అడుగున ఉన్న ఇసుకను పీల్చేస్తున్నాడు. సాయంత్రానికి పళ్లెం అడుగున చిటికెడు బంగారం రవ్వలు మిగిలాయి. ఆ చిటికెడు చూసుకుని అతను వేసిన గంతులు చూస్తే నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచన వచ్చింది.

మా వైపు తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం దిగుతారని అందరికీ తెలిసిందే. సద్ది కట్టుకుని, పిల్లాజెల్లాతో వచ్చి, కళ్లు నేలకు అతికించుకుని రోజంతా నడుస్తారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. శాస్త్రం లేదు, పద్ధతి లేదు, వట్టి ఆశ. అదే జొన్నగిరి నేలలో బంగారం కూడా ఉందాయె. వానకు నేల కోసుకుపోతుంది, మట్టి వంకల్లో పడుతుంది, వంకలు చివరికి హంద్రీ ఏట్లో కలుస్తాయి. అంటే హంద్రీ ఇసుకలో బంగారం రవ్వలు ఉండి తీరాలి. ఇంత తేలిక లెక్క ఇన్నేళ్లు ఎవరికీ తట్టలేదంటే, వాళ్లెవరూ నా క్లాసులో సరిగ్గా కూర్చోలేదన్నమాట.

ఆ దేశాల్లో అమ్మే మిషను ధరకు ఇక్కడ పాత ట్రాక్టరు వస్తుంది. పైగా పెట్రోలు తాగుతుంది, ఇద్దరు మోస్తే గానీ కదలదు. నేను చేసేది బ్యాటరీతో నడవాలి, స్కూటరు మీద పట్టాలి, చవకలో అయిపోవాలి అని నిర్ణయించుకున్నాను.

బ్యాటరీ అనగానే మా వీధిలో ఉండే మిత్రుడు గుర్తొచ్చాడు. బస్టాండు దగ్గర అతనికి బ్యాటరీల అంగడి ఉంది. ఆటోలవీ, చేలకు మందు కొట్టే పంపులవీ, కరెంటు స్కూటర్లవీ బాగుచేస్తాడు. నా ఈడువాడే. చదివింది ఏడో తరగతి, కానీ ఏ వైరు ఎక్కడ కలపాలో నాకంటే బాగా తెలుసు. ఆ సంగతి అతనికి నేనెప్పుడూ చెప్పలేదు. నేను కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే అతను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"బంగారు పడుతుందా సారూ?"

"శాస్త్రం ప్రకారం పడాల్సిందే."

"శాస్త్రం ప్రకారమంటే ఖాయమేనా?"

"నీకు ఎట్ల కనపడతాండానప్పా నేను?" అని గట్టిగా అరిచాను. అతను ఇంకేమీ అడగకుండా లోపలికి పోయి పాత స్కూటరు బ్యాటరీ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

మిషను సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన గొడవ అర్థం కాదు. ఒక చిన్న మోటారు నీళ్లను సన్నని ధారగా ఒక గొట్టంలోకి వేగంగా కొడుతుంది. ఆ ధార వేగానికి గొట్టం రెండో కొస దగ్గర పీల్చే బలం పుడుతుంది. ఏటి అడుగున ఉన్న ఇసుక, చిన్న రాళ్లు, నీళ్లు అన్నీ పైకి వచ్చి ఒక వాలుదోనెలో పడతాయి. దోనె అడుగున అడ్డంగా గాడులున్న రబ్బరు పట్టా ఉంటుంది. నీళ్లు దోనె గుండా పారుతుంటే బరువైనవి ఆ గాడుల్లో దిగబడిపోతాయి. తేలికవి కొట్టుకుపోయి దోనె చివర కుప్ప పడతాయి. అంతే. బరువుది ఆగుతుంది, తేలికది పోతుంది.

దోనెకు ఇంటి మీది వాననీళ్లు దిగే ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా రెండుగా కోశాం. తేలడానికి మంచినీళ్ల క్యాన్లు రెండు కట్టాం. రబ్బరు పట్టా మాత్రం ఊళ్లో ఎక్కడా నాకు నచ్చినట్టు దొరకలేదు. నచ్చింది మా ఇంటి వాకిట్లోనే ఉంది. మూడోరోజు నా భార్య కనిపెట్టింది.

"వాకిట్లో కాలిపట్టా యాడికి పోయింది?"

"ప్రయోగానికి కావాల్సి వచ్చింది."

"ప్రయోగమో ప్రసాదమో, బురద కాళ్లతో ఇంట్లోకి వస్తే మాత్రం ఊరుకునేది లేదు," అంది. అప్పటి నుంచి నేను పెరటి వైపు నుంచి ఇంట్లోకి రావడం అలవాటు చేసుకున్నాను.

మే నెలలో మా ఇంటి సిమెంటు తొట్టిలో మొదటిసారి మిషను నడిపాం. గొట్టాలు కలిపే చోట ముక్క అటుదిటు పెట్టాం కాబోలు, పీల్చాల్సింది ఊదింది. తొట్టి అడుగున ఉన్న బురదంతా ఎగిరి, గోడ పక్క మంచం మీద ఆరబెట్టిన వడియాల మీద పడింది. నా మిత్రుడు ఆ క్షణంలోనే నమాజుకు టైమైందని వెళ్లిపోయాడు. అప్పుడు ఉదయం పది గంటలు.

ముక్క సరిగ్గా తిప్పి పెట్టాక మిషను పీల్చింది. పాత బ్యాటరీ నుంచి సీసం చెక్కి, కందిబేడలంత ముక్కలు ఇరవై చేసి, తొట్టిలో ఇసుకలో కలిపాం. మిషను నడిపి పట్టా దులిపితే ఇరవైకి ఇరవై దొరికాయి. ఆ రోజు నా మిత్రుడు నన్ను కావలించుకున్నాడు. ఇద్దరం కలిసి మిషన్లు చేసి అమ్ముదామని, అంగడి ముందు "ఈడ బంగారం తీయు మిషన్లు తయారు చేయబడును" అని బోర్డు రాయిద్దామని అన్నాడు. రాయించేశాడు కూడా. గోడకు ఆనించి, గుడ్డ కప్పి ఉంచాడు.

మిషను చేతిలో పట్టుకుని హంద్రీకి పోతే అక్కడ నీళ్లు లేవు. మోకాలి లోతు నీళ్లుంటే తప్ప పనిచేయని మిషనును మేం రాయలసీమలో, నడి ఎండాకాలంలో తయారు చేశాం. ఇంత లెక్క వేసినవాణ్ణి ఆ ఒక్కటీ మర్చిపోయాను. రెండు నెలలు టీ అంగడి వైపు పోవడానికి మొహం చెల్లలేదు.

"ఏం సారూ, పడవ తయారయిందంట కదా, సముద్రం ఎప్పుడొస్తాది?" అని ఒకడు. "నీళ్ల ట్యాంకరు తెప్పిద్దామా సారూ?" అని ఇంకొకడు. వాళ్లలో సగం మంది నా దగ్గర చదివినవాళ్లే. అప్పుడు ఇంకో రెండు దెబ్బలు గట్టిగా వేసి ఉండాల్సింది అనిపించింది.

శ్రావణం వచ్చాక వానలు పడ్డాయి. హంద్రీలో మోకాలి లోతు నీళ్లు పారాయి. మిషను దింపిన గంటకే ఇసుక దొంగతనం జరుగుతోందని ఎవరో చెబితే, ఊరి ఆఫీసు నుంచి ఒక కుర్ర ఉద్యోగి ఆయాసపడుతూ వచ్చాడు. మిషనును, దాని పక్కన తడిసి ముద్దయిన మా ఇద్దరినీ చూశాడు. "దీంతో ఒక బండి ఇసుక తీయాలంటే మీకు రెండేండ్లు పడతాది సార్," అని నవ్వుకుంటూ పోయాడు. అనుమతి దొరికినందుకు సంతోషించాలో, అవమానం జరిగినందుకు బాధపడాలో తెలియలేదు.

మూడు రోజులు పీల్చాం. దొరికినవి: నల్ల ఇసుక దోసెడు, తుప్పు మేకులు, జాకెట్టు హుక్కులు, చెల్లని పావలా ఒకటి. బంగారం రవ్వ కూడా లేదు.

మూడో రోజు సాయంత్రం నా మిత్రుడు తల గోక్కుంటూ అడిగాడు. "సారూ, ఏట్లో బంగారు లేకనా, ఉన్నా మిషను పట్టకనా?"

అది సరైన ప్రశ్న. సరైన ప్రశ్న అడిగాడు కాబట్టే నాకు కోపం వచ్చింది. సీసం నీళ్లకంటే పదకొండు రెట్లు బరువని, బంగారం పంతొమ్మిది రెట్లు బరువని, సీసాన్ని పట్టిన మిషను బంగారాన్ని పట్టకపోవడం ఈ సృష్టిలో జరగని పని అని అరగంట పాఠం చెప్పాను. అంతా విని అతను, "సరే సారూ, మీరు చెప్తే నిజమే. కండ్లతో చూస్తే బాగుంటాది," అన్నాడు.

కళ్లతో చూడాలంటే, ఉందని ముందే తెలిసిన బంగారం కావాలి. దాన్ని ఏట్లో వేసి, మిషనుతో తీసి చూపించాలి. ఆ బంగారం మా ఇంట్లో, బీరువాలో, కుంకుమ డబ్బాలో ఉంది.

నా భార్య తాళి గొలుసు లంకె తెగి ఆ వారమే బాగుకు ఇచ్చింది. తాళిబొట్లు పసుపుతాడుకు కట్టుకుని, గొలుసులో ఉండే పదకొండు బంగారు గుండ్లను విప్పి డబ్బాలో దాచుకుంది. మిరియం గింజ కన్నా కొంచెం పెద్ద పూసలవి. పెళ్లప్పుడు వాళ్లమ్మ చేయించి పెట్టినవి. "మా అమ్మ పెట్టిన గట్టి గుండ్లు" అని పేరంటాల్లో చెప్పుకునేది. వాళ్లమ్మ ఊరి నుంచి వచ్చి, శుక్రవారం నాడు పెళ్లప్పుడు లాగే తన చేత్తో మళ్లీ గుచ్చి ఇవ్వాలని అనుకుంది. నేను ఆ డబ్బా తీసింది మంగళవారం. అరగంటలో తిరిగి పెట్టేస్తాను కదా అనుకున్నాను. అడిగి ఉండాల్సింది. అడిగితే ఇవ్వదని తెలుసు కాబట్టి అడగలేదు.

హంద్రీ ఒడ్డున నీళ్లు నిదానంగా పారే చోట నాలుగు కట్టెలు పాతి, ఆ నడుమ ఇసుకలో పదకొండు గుండ్లు కలిపాను. నా మిత్రుడు లెక్కపెట్టాడు. మిషను పెట్టి ఆ ఇసుకంతా పీల్చాం. మోటారు ఆపి, పట్టా తీసి, తెల్లటి టబ్బులో దులిపాను.

నల్ల ఇసుక. ఒక మేకు. ఒక హుక్కు.

మళ్లీ దులిపాను. గాడులన్నీ పుల్లతో గీరాను. ఒక్క గుండు లేదు.

"పరేషాన్ కావద్దు సారూ, ఈడే యాడో ఉంటాయి," అన్నాడు మిత్రుడు.

నేను ఆలోచించాను. బంగారం ఎక్కడికి పోతుంది? బరువైన వస్తువు, ఇసుకలో కిందికి దిగుతుంది. గొట్టం పీల్చేలోపే కదలికకు లోతుకు జారిపోయి ఉంటుంది. అంటే తవ్వాలి. పార తెచ్చుకుని తవ్వాను. మోకాలి లోతు, నడుం లోతు. ఇసుక కూలుతోంది, నేను తోడుతున్నాను. బుధవారం పొద్దున్నే మళ్లీ దిగాను. మిత్రుడు అంగడి మూసుకుని వచ్చాడు. గులకరాళ్లు తగిలాయి, వాటి కింద బంకమన్ను తగిలింది. గుండ్లు తగల్లేదు. నేను లెక్క ప్రకారం ఇంకా కిందికి పోతూనే ఉన్నాను.

మా ప్రాంతంలో ఒక మనిషి రెండు రోజులు ఒకేచోట ఏటిలో తవ్వితే జనం ఏమనుకుంటారో వేరే చెప్పాలా? బుధవారం మధ్యాహ్నానికి వంతెన మీద పదిమంది నిలబడ్డారు. సాయంత్రానికి ముప్పై మంది దిగారు. గురువారం పొద్దున నేను వెళ్లేసరికి జల్లెడలు, చేటలు, పారలు, సద్ది డబ్బాలు, ఒక బజ్జీల బండి. నా గుంట చుట్టూ ఇరవై గుంటలు. నా గుంటకు ఎంత దగ్గరగా తవ్వితే అంత మంచిదని వాళ్ల నమ్మకం. సముద్రం ఎప్పుడొస్తాదని నన్ను ఎగతాళి చేసినవాడు ఇప్పుడు నా ముందు చేతులు కట్టుకుని, "సారూ, ఎంత లోతులో తగిలింది?" అని గుసగుసగా అడిగాడు.

"ఏమీ తగల్లేదప్పా, ఇంటికి పోండి," అని అరిచాను. నేను అరిచేకొద్దీ వాళ్లకు నమ్మకం పెరిగింది. నిజం చెప్పలేను. పెళ్లాం గుండ్లు పోగొట్టుకున్నానని చెబితే మరుక్షణం ఇంట్లో తెలుస్తుంది. ఎవరి పారకు ఏ గుండు తగులుతుందోనని ప్రాణం విలవిలలాడుతోంది. అప్పుడే ఫోను మోగింది.

"నువ్వు హంద్రీలో బంగారు తవ్వుతాండావంట?" అంది నా భార్య. "ఎవురెవురో మనింటికి వచ్చి నాకు నమస్కారం పెడతాండారు. ఏం కథ?"

"ఏం లేదు, ఊరికే జనం."

"మా అమ్మ పొద్దున బస్సుకే బయల్దేరింది. ఆమెకైనా ఈ అవతారం చూపించకుండా బిరీన ఇంటికి రా."

ఫోను పెట్టేసి తలెత్తేసరికి మా అత్త వంతెన మీద నుంచి దిగి వస్తోంది. జనాన్ని, ఆ జనం నడుమ బురదలో నడుం దాకా కూరుకుపోయిన అల్లుణ్ణి బస్సులోంచి చూసి, డ్రైవరును కేకేసి దిగేసిందట. డెబ్బై దాటినా గట్టి మనిషి, చేలో పని చేసిన చేతులు. నన్ను చూసి తలమీద కొంగు సర్దుకుంది. పెళ్లయిన నాటి నుంచి నా ముందు ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడింది లేదు. సారు కదా అని గౌరవం అనుకునేవాణ్ణి.

"ఏం పోయింది నాయనా?" అంది మెల్లగా. అందరూ ఏం దొరికిందని అడిగారు. ఏం పోయిందని అడిగింది ఆమె ఒక్కతే.

ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను. గుంటలోంచి బయటికి వచ్చి, పక్కకు తీసుకుపోయి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో అని కూడా భయపడ్డాను. ఆమె రెండూ చేయలేదు. మిషను వైపు చూసి, "ఇసకంతా యాడికి పోయి పడ్తాది?" అని అడిగింది. దోనె చివర పడిన కుప్ప చూపించాను. తేలికదంతా పోయి పడే చెత్త కుప్ప అది. అక్కడ ఎవరూ తవ్వడం లేదు. కొందరు దాని మీద కూర్చుని సద్ది తింటున్నారు.

ఆమె ఎవరి దగ్గరో చేట అడిగి తీసుకుని, నా గుంట వైపు కన్నెత్తి కూడా చూడకుండా, పోయి ఆ కుప్ప దగ్గర కూర్చుంది.

"అత్తా, ఆడ ఉండవు. బంగారం బరువు. కిందికి పోయుంటాయి," అన్నాను.

"ఉంటాయిలే నాయనా," అంది తల ఎత్తకుండా. ఇసుకను చేటలో వేసుకుని, నీళ్లలో ఊపి, వడ్లలో రాళ్లేరినట్టు ఏరసాగింది. పది నిమిషాలకు మొదటి గుండు దొరికింది. తర్వాత రెండు ఒకేచోట. నేనూ పక్కన కూర్చుని వెతికాను. మధ్యాహ్నానికి పది దొరికాయి. పదకొండోది సద్ది తింటున్నవాళ్ల చెప్పుల కింద నలిగిపోయి నా చేతికే దొరికింది. పైన ఉల్లిపొరంత సన్నటి బంగారు రేకు. లోపల ఇటుక రంగు లక్క.

అప్పుడు వెలిగింది నాకు. లక్క గుండ్లు. రేకు మాత్రమే బంగారం, లోపలంతా లక్క. బరువు మామూలు ఇసుక రాయంత. మిషను వాటిని పట్టలేదు. పట్టకూడదు కూడా! బరువుది ఆపి తేలికది వదిలేయమని చేసిన మిషను, చెప్పినట్టే చేసింది. నా లెక్క సరైనది. నా మిషను సరైనది. ఎగిరి గంతేద్దామనుకుని పక్కకు తిరిగాను. అత్త నా అరచేతిలోని రేకునే చూస్తోంది.

"మీ పెండ్లయిన ఏడు వానల్లేక శెనిక్కాయ పంట ఎత్తిపోయింది నాయనా," అంది. "మీరేం అడగలేదు. మా అక్క కూతురికి గట్టి గుండ్లు పెట్నారు. నా బిడ్డకు తక్కువ చేస్తానా అని అందరికీ గట్టివే అని చెప్పుకున్యా. మీ మామకు గూడా తెలీదు. అప్పుట్నుంచి నువ్వు ఇంటికొస్తే నాకు దడే. సారు కదా, యాడ కనిపెడతాడో అని." కొంగుతో మొహం తుడుచుకుంది. "దానికి మాత్రం చెప్పొద్దు. పేరంటాల్లో చెప్పుకుంటాది పాపం."

నా మీద గౌరవమనుకున్నది ముప్పై ఏళ్ల భయమని తెలిసి నాకు సిగ్గేసింది. "చెప్పను అత్తా," అన్నాను.

ఆమెను ఆటో ఎక్కించి ఇంటికి పంపాను. ఇక పదకొండో గుండు కావాలి. ఇప్పుడంతా తయారుగా ఉన్న నగలే. చేత్తో లక్క గుండ్లు చేసే ఆచారి మా చుట్టుపక్కల ఒక్కడే మిగిలాడు. బురద బట్టలతోనే పోయి, మిగతా పదీ చూపించి, అలాంటిదే ఇంకొకటి రేపు పొద్దునకల్లా కావాలన్నాను.

"ఒక్కటే కదా సారూ, గట్టిదే చేసిస్తా," అన్నాడు ఆచారి.

"వద్దప్పా. లక్కే పొయ్యి. వీటితో సరిసమానంగా ఉండాల."

ఆచారి కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, నవ్వి, పదింటిలోంచి ఒకదాన్ని వేరుచేసి చూపించాడు. "ఇది నేను చేసిందే సారూ. రెండేండ్ల కిందట మీ ఇంటామె వచ్చింది. గుండు సొట్టపోయి లక్క బయటపడిందని ఏడ్చుకుంటా వచ్చింది పాపం. ఆమె కూడా ఇదే మాట చెప్పింది, లక్కే పొయ్యి అని. వాళ్లమ్మకు తెలిస్తే తల ఎత్తుకోలేదంట, చెప్పొద్దనింది."

నేను అక్కడున్న బల్ల మీద కూర్చుండిపోయాను. "నాకు కూడా చెప్పొద్దనిందా?"

"మీకే ముందు చెప్పొద్దనింది," అన్నాడతను మొహమాటంగా. "మా ఆయనకు తెలిస్తే ఊరంతా పాఠం చెప్తాడు అనింది."

ఆ మాట గుచ్చుకుంది. నిజం కాబట్టి గుచ్చుకుంది. రెండు గంటల కిందట ఏటి ఒడ్డున గంతేయబోయింది నేనే కదా.

శుక్రవారం పొద్దున ఆచారి దగ్గర నుంచి గుండు తెచ్చి, పదకొండూ కడిగి డబ్బాలో పెట్టేశాను. మధ్యాహ్నం పూజ అయ్యాక తల్లీకూతుళ్లు నట్టింట్లో చాప వేసుకుని కూర్చున్నారు. అత్త చేతిలో గొలుసు, ఒళ్లో పళ్లెం, పళ్లెంలో గుండ్లు. నేను కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు గుండ్లు ఎక్కాయి. అప్పుడు నా మిత్రుడు నమాజు ముగించుకుని, తలమీద టోపీతోనే, రెండు రోజులుగా నిద్రలేని కళ్లతో వచ్చాడు.

"సారూ, మీరు ఏమన్నా అనుకోండి, అడగకుంటే నాకు మనసాగట్లేదు. బోర్డు రాయించి పెట్టినా. సీసం ఇరవైకి ఇరవై పట్టింది. బంగారు పంతొమ్మిది రెట్లు అంటిరి. ఆ పదకొండు గుండ్లలో ఒక్కటి గూడా ఎందుకు పట్టలే?"

అత్త చేయి గొలుసు మీద ఆగిపోయింది. నా భార్య పళ్లెంలోకి చూసింది. గొలుసులో నాలుగు, పళ్లెంలో ఏడు. ఆమెకు లెక్కలు బాగా వచ్చు.

"ఏ పదకొండు గుండ్లు?" అంది.

నా మిత్రుడు చెప్పులు వెతుక్కోసాగాడు. నాకు జవాబు తెలుసు. ఒక్క మాటలో చెప్పొచ్చు. ఆ మాట చెబితే నా మిషను నిలబడుతుంది, బోర్డు మీది గుడ్డ తీయొచ్చు, టీ అంగడిలో ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి పాఠం చెప్పొచ్చు. అత్త తల వంచుకుంది. నా భార్య మొహంలో కోపం వెనకాల భయం కనిపించింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నాకు భయపడడం అదే మొదటిసారి చూశాను. నాకది అస్సలు నచ్చలేదు.

"నా లెక్క తప్పప్పా," అన్నాను మిత్రుడితో. "గట్టి గుండ్లే. బంగారు బరువే. మిషను చేయడమే నాకు చేత కాలే. ఆ బోర్డు తీసేయ్."

మిత్రుడు నోరు తెరిచి నన్ను చూశాడు. నాకు జ్వరమేమైనా వచ్చిందేమో అన్నట్టు చూసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆ మాట అనడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. బంకమన్ను తవ్వడం అంతకన్నా సులభం.

అతను గేటు దాటగానే నా భార్య మొదలుపెట్టింది. "నా గుండ్లు ఏట్లో ఏసినావా? అడగకుండా బీరువా తీసినావా? రిటైరయినంక బుద్ధి గూడా రిటైరయిందా నీకు?" వడియాల దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ తవ్వి తీసింది. నేను పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని వింటూ కూర్చున్నాను. తిట్టుకు తిట్టు, మాటకు మాట చెప్పకుండా నేను ఊరుకోవడం ఆ ఇంటి గోడలకు కూడా కొత్త.

తిడుతూ తిడుతూ ఆమె మధ్యలో ఆగింది. నా వైపు చూసింది. వాళ్లమ్మ వైపు చూసింది. మళ్లీ నా వైపు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కిటికీ వైపు తిరిగాను.

కొంచెంసేపటికి పళ్లెంలోంచి ఒక గుండు తీసి వాళ్లమ్మ చేతిలో పెట్టింది.

"గుచ్చుమా," అంది. "ఇంకా ఆరుండాయి."